కల్లం మధ్యలో పట్టా కప్పిన మనిషి

మా ఊరి పెద్దాయన ఇంటి పెరటి గుమ్మంలోంచి నేను చాలా ఏళ్లు పుస్తకాలు తెచ్చుకున్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, గుంటూరులో లా చదివే నా స్నేహితురాలికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ ఇంటిని ‘అక్కడ’ అని మాత్రమే రాసేదాన్ని. డైరీ ఎవరైనా తెరుస్తారేమోనన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది. మా ఇంట్లో తలుపులైతే ఉన్నాయి గానీ గడియలు లేవు.

పెద్దాయన అంటే చాలాకాలం ఊరికి ప్రెసిడెంటుగా చేసిన మనిషి. నాకు ఊహ తెలిసేసరికే మంచాన పడ్డాడు, తర్వాత పోయాడు. నేను వెళ్లింది ఆయన భార్య దగ్గరికి. ఊరంతా ఆమెను అమ్మగారంటుంది. నన్ను మాత్రం మామ్మగారని పిలవమంది. హైస్కూల్లో ఉండగా ఒకసారి అమ్మ నాచేత వాళ్లింటికి ఎండుమిరపకాయలు పంపించింది. పెరటి వరండాలో అద్దాల బీరువా, దాని నిండా పుస్తకాలు. చేతిలో సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి వాటి పేర్లు చదువుతూ నిలబడిపోయాను. ఆమెకు అప్పటికే చూపు మందగించింది. కిటికీ పక్క పేము కుర్చీలోంచి నన్ను చూడకుండానే అడిగింది.

"పైకి చదవగలవా పిల్లా?"

"చదువుతానండి."

"అయితే నాకు కాసేపు చదివిపెట్టు. ఒక పుస్తకం నువ్వు పట్టుకెళ్లు. వీధి గుమ్మంలోంచి మాత్రం రాకు. ఎవరికీ చెప్పకు."

నలుగురిలో నోరు విప్పలేని నేను ఆ వరండాలో మాత్రం గంటలకొద్దీ గొంతెత్తి చదివాను. ఎవరికీ చెప్పొద్దన్న మాట నా మేలు కోరి అన్నదే అనుకున్నాను. కాలనీ పిల్ల పెద్దింటి పుస్తకాలు చంకన పెట్టుకుని వీధిలో కనిపిస్తే రెండు వైపులా మాటలు పడాలి. ఇప్పుడు తలుచుకుంటే, ఆమె దాచాలనుకున్నది నన్నా, తననా అనిపిస్తుంది.

మా అమ్మ కౌలుకు చేసేది ఆ ఇంటి పొలమే. నాన్న పోయాక చుట్టాలంతా వదిలెయ్యమన్నా వదల్లేదు. మిరప వేస్తుంది, గట్ల వెంట కంది పెడుతుంది. ఆ కౌలుకు కాగితం లేదు. ఉగాదికి ముందు ఒకరోజు వాళ్ల వీధి వరండా ముందు వెళ్లి నిలబడాలి. పెద్దాయన కొడుకును మేం బాబుగారంటాం. ఆయన "ఈ ఏడు కూడా చేసుకో" అంటే ఏడాదికి మాకు అన్నం. "ఈ ఏడు మేమే చేసుకుంటాం" అంటే మర్నాటి నుంచి అమ్మ కూలికి వెళ్లాలి, నా చదువు అక్కడితో ఆగాలి. ఆ రెండో మాట నేను ఎప్పుడూ వినలేదు. కానీ ఉగాది దగ్గరపడే కొద్దీ ప్రతి ఏడూ అది నా చెవిలో వినిపిస్తూనే ఉండేది.

ఊరి బయట కాలువ పక్కన, రోడ్డు మలుపులో ఉమ్మడి కల్లం ఉంది. మిరపకాయలు ఆరబోసుకునే ఖాళీ నేల. సొంత కల్లాలు లేని కౌలువాళ్లు, కూలికి బదులు కాయలు తెచ్చుకున్నవాళ్లు అందరూ అక్కడే పోస్తారు. కోతల కాలంలో రోడ్డు మీంచి చూస్తే నేల కనపడదు, ఎరుపే. పొద్దు వాలగానే కాయలను కుప్ప చేసి, మంచుకు తడవకుండా పట్టా కప్పుతారు. పట్టా అంటే ఆ నీలం రంగు ప్లాస్టిక్ గుడ్డే.

మా అమ్మ పట్టాకు ఒక కథ ఉంది. ఆమె కాపురానికి వచ్చిన ఏడు, కాలనీ ఆడవాళ్లు మొదటిసారి కల్లంలో మెరక వైపు కాయలు పోశారట. అంతవరకూ అటు పెద్ద రైతులవే ఉండేవి. ఒకరోజు తెల్లవారుజామున కాలువ తూము తలుపు లేచిపోయి నీళ్లు కల్లంలోకి వచ్చాయి. పెద్ద రైతుల కాయలు ఆ ముందురోజే ఎత్తేశారు. మునిగింది కాలనీ కాయలే. నాలుగు రోజుల్లో ఎరుపు పోయి, బూజు పట్టి, తాలుకాయలై తెల్లబడ్డాయి. నీళ్లు వచ్చిన ఆ పొద్దునే పెద్దాయన ట్రాక్టరు నిండా పట్టాలు వేసుకొచ్చి ఇంటికొకటి పంచాడు. మిగిలినవైనా కాపాడుకోమన్నాడు. ఈసారి నుంచి పల్లం అంచున పోసుకోండి, మెరకలో గొడవలెందుకన్నాడు. అందరూ దణ్ణం పెట్టారు. ఆ పట్టాకు అతుకుల మీద అతుకులు వేసి అమ్మ ఇప్పటికీ వాడుతోంది.

"ఇంకా పొద్దు కూడా పొడవలేదే. అంత పెందలాడే మన కోసం వచ్చిన మనిషి ఇంకెవరున్నారు?" అనేది.

ఈ మాట చిన్నప్పటి నుంచీ విన్నాను. ఒక్కసారీ అనుమానం రాలేదు.

రెండో కోత కాయలు ఆరుతున్నప్పుడు తెనాలి నుంచి లారీలో విగ్రహం వచ్చింది. కల్లం నట్టనడుమ, మెరక మీద సిమెంటు దిమ్మె అప్పటికే లేచింది. దారిలో దుమ్ము పడకుండానో ఏమో, విగ్రహాన్ని నీలం పట్టాలో చుట్టి తాళ్లతో బిగించారు. దిమ్మె మీద నిలబెట్టాక కూడా పట్టా తియ్యలేదు, ఆవిష్కరణ రోజున తీస్తారట. చుట్టూ ముగ్గుపిండితో గీతలు గీశారు. ఇక్కడిదాకా రెయిలింగు, ఇక్కడిదాకా పచ్చిక, ఇక్కడ బెంచీలు అని. ఆ గీతల్లో కల్లం మెరకంతా పోయింది. దిమ్మె మీద పలక: ఆయన పేరు, కింద ‘కల్లం దాత’.

ఆ నేల ప్రభుత్వానిదని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఏమీ అనలేదు. అన్నది నా స్నేహితురాలు. వాళ్ల నాన్న దూదేకి పరుపులు కుట్టే మనిషి. వాళ్ల కొట్టు బస్టాండు పక్కనే. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె జుట్టులో దూదిపింజలు ఉంటాయి, వాటిని దులుపుకోకుండానే వాదిస్తుంది. ఊళ్లో డిగ్రీ, ఇంజనీరింగు చదివే ఐదారుగురిని పరుపుల కొట్లో కూర్చోబెట్టింది.

"ఆయన మంచోడా చెడ్డోడా నాకొద్దు. మనది కాని నేల ఆయన మనకి ఇచ్చినట్టు రాయడమేంది? దాని మీద రెయిలింగు కట్టి మనల్ని బయట నిలబెట్టడమేంది?" అంది.

ఒకడు చెయ్యెత్తాడు. "అక్కా, అసలు మన నాయకుడి బొమ్మ తెచ్చి పెడదాం. ఎవడు తీస్తాడో చూద్దాం."

"ఒరేయ్, ఏ బొమ్మ పెట్టినా నీడ ఒకటేరా. కాయలు ఆరవు."

అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు. పక్కవాడి వంక చూశాడు. నేను మూలన పరుపు మీద కూర్చుని ఆ చూపును గమనించాను. వీళ్లలో సగం మందికి బాధ విగ్రహం ఉన్నందుకు కాదు, అది తమది కానందుకు. ఆ రోజు డైరీలో ఇదే రాసుకున్నాను.

మాట్లాడటం నా వల్ల కాదు గనక రాసే పని నాకు పడింది. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టే పోస్టులు నేను రాసేదాన్ని, ఆమె తన ఫోన్లోంచి పెట్టేది. రాసేది నేనని మా ఇద్దరికే తెలియాలని మొదటే ఒప్పించాను. ఎందుకో ఆమెకు తెలుసు. అమ్మ కౌలు సంగతి ఆమె దగ్గర దాచలేదు. నా మాటలు పట్టుబడతాయని ఆమె మాట్లాడినట్టే రాసేదాన్ని. పోస్టు పెట్టాక ఎవరెవరు చూశారో ఆమె ఫోన్లోనే పేర్లు వెతికేదాన్ని. బాబుగారు అన్నీ చూసేవారు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. తిట్టి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది.

గ్రూపులో వాదన వాదనగానే నడిచింది. విగ్రహం వల్ల ఎవరికి నష్టమని ఒకరు. ఊరికి అందం కదా అని ఒకరు. చచ్చిపోయినవాళ్ల జోలికి పోవద్దని ఒకరు. కల్లంలో ఆడవాళ్లు మాత్రం కాయలు తిరగేస్తూ ఇంకో రకంగా మాట్లాడుకునేవాళ్లు.

"ఏమే వదినా, పట్టా లోపల ఆయన చెయ్యెటు చూపిస్తందంట?"

"ఎటు చూపిస్తే ఏందిలే, నా కాయల మీద నీడ పడకపోతే చాలు."

"పడితే ఏం చేస్తావు?"

"తాలుకాయలన్నీ దండ గుచ్చి ఆయన మెళ్లోనే వేస్తా."

అమ్మ వాళ్ల మీద కసురుకునేది. "నోళ్లు అదుపులో పెట్టుకోండే. మీకు పట్టాలిచ్చినోడే గదా."

ఆ వారంలోనే పుస్తకం తిరిగివ్వడానికి పెరటి దారిన వెళ్లాను. మామ్మగారు చదవమంది. ఒక పేజీ కూడా పూర్తికాకుండానే ఆపింది.

"బొమ్మ వచ్చిందంటగా?"

"వచ్చిందండి."

"పోలిక కుదిరిందా?"

"కనపడదండి. పట్టా చుట్టి ఉంది."

"పట్టానా?" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను పెద్దగా వినలేదు. నవ్వు దగ్గులోకి దిగింది. నేను వంటింటి కుండలోంచి తెచ్చిన నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, పక్కింటి పెళ్లి ముచ్చట చెప్పినట్టు చెప్పింది.

"ఆ పట్టాలు ముందురోజే వచ్చినయ్యి పిల్లా. చిలకలూరిపేట నుంచి. ఇదిగో, ఈ వరండాలోనే దింపారు. ఏందండీ ఇన్ని అంటే, రేపటికి కావాలన్నాడు మా ఆయన. అప్పటికి కల్లంలో చుక్క నీళ్లు లేవు."

నేను పుస్తకం మీంచి తలెత్తలేదు.

"తూము లేపిన జీతగాడు పోయాడు. ఈయనా పోయాడు. ఊఁ, చదువు."

చదివాను. ఏం చదివానో తెలియదు. ఆమె కళ్లు మూసుకుని వింటూనే ఉంది, ఒకచోట నేను వరుస తప్పితే సరిదిద్దింది కూడా.

ఇంటికి వచ్చాక డైరీలో ‘అక్కడ సరిగా చదవలేకపోయాను’ అని మాత్రం రాశాను. మిగిలింది కాగితం మీద పెట్టడానికి భయం వేసింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ మొగుడి గురించి మాట్లాడని మనిషి, విగ్రహం వచ్చిన వారంలోనే ఎందుకు చెప్పింది? గ్రూపులో రాసేది నేనని తెలిసిందా? చెప్పించింది కొడుకేమో. ఈ మాట బయటికి వస్తే తెచ్చింది ఎవరో తేలిపోతుంది, ఎందుకంటే అది ఉన్నది ఒక్క నోట్లో, విన్నవి రెండు చెవులు. అలా పట్టుకోవాలనే విసిరారేమో. మరో పక్క, మూడు పూటలా కాయలు తిరగేసి వచ్చి నడుం పట్టుకుని కూర్చునే అమ్మ. ఆ పట్టాకు ఇంకో అతుకు వేస్తోంది. సూదిలో దారం ఎక్కించమని నాకే ఇచ్చింది.

ఆవిష్కరణకు ముహూర్తం పెట్టారు. మావాళ్లు మండలాఫీసులో అర్జీ ఇచ్చారు. పంచాయతీ తీర్మానం ఉంది, మేమేం చెయ్యలేమని పంపేశారు. స్నేహితురాలు నీరసపడి ఆఖరి పోస్టు ఒకటి రాయమంది. నేను రాసినదాంట్లో నాలుగు వాక్యాలే ఉన్నాయి. ‘ఆ ఏడు పంచిన పట్టాలు ఊళ్లో ఇంకా ఉన్నాయి. అవి పొద్దు పొడవకముందే కల్లానికి వచ్చాయి. అంత పొద్దున ఏ కొట్టు తెరుస్తారు? అవి నీళ్లకు తర్వాత వచ్చాయా, ముందే వచ్చాయా?’

ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇదెక్కడిదే?"

"అమ్మ ఎప్పుడూ చెబుతుందిగా, తెల్లారకముందే వచ్చాడని."

"అది అనుమానం. ఆధారం కాదు."

"అందుకే అడిగినట్టు రాశా."

"అడిగినట్టు లేదు. తెలిసి అడిగినట్టుంది." జుట్టులోంచి దూది తీసి వేళ్లతో నలిపింది. "నిన్ను పెద్దింటి వెనక సందులో చూశానని మనవాళ్లలో ఒకడన్నాడు. మన మాటలన్నీ అక్కడికి మోస్తున్నావని. నేను నమ్మలేదు."

"నమ్మకపోతే నాకెందుకు చెబుతున్నావు?"

"నువ్వేమంటావో చూద్దామని."

రాసినదాన్ని ఆమె వైపు జరిపాను. ఆమె పోస్టు పెట్టేసింది. పక్కపక్కనే కూర్చున్నాం, ఒకరినొకరు కాపలా కాస్తున్నట్టుంది.

ఆ పోస్టును కల్లంలో ఎవరో పైకి చదివారు. అందరికంటే పెద్దావిడ కాయలు తిరగేస్తున్న కర్ర ఆపింది.

"అవును గదే. మడత కూడా విప్పలేదు వాటివి. కొత్త వాసన. అందరికీ సరిపడా ఉన్నయ్యి, ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"తెల్లారకముందే ఇళ్లు ఎవడు లెక్కేసిపెట్టాడమ్మా?" అంది ఇంకొకామె.

ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రం అమ్మ కుప్ప చేసి, పట్టా చేతిలోకి తీసుకుని, అలాగే నిలబడింది. అతుకులు ఒక్కొక్కటీ తడిమింది. తర్వాత దాన్ని మడిచి పక్కన పెట్టి, కుప్ప మీద గోతాలు, పాత చీరలు కప్పింది. తెల్లారి చూస్తే మంచుకు పై కాయలు మెత్తబడి ఉన్నాయి. వాటిని విడిగా ఏరుతూ కూర్చుంది. నీకెవరు చెప్పారని నన్ను అడగలేదు. పోస్టు రాసింది నేనని ఆమెకు తెలియదనే అనుకున్నాను, కానీ అడగకపోవడం చూస్తే అది కూడా అనుమానమే.

రెండు రోజులకు బాబుగారు కబురు పెట్టారు. ఉగాది ఇంకా రాలేదు, అయినా కౌలు మాట ఇప్పుడే మాట్లాడేద్దామన్నారట. కూతురిని కూడా తీసుకురమ్మన్నారట. ఆ రాత్రి మా పోస్టులన్నీ మళ్లీ చదివాను, నా మాట ఎక్కడ పట్టుబడిందా అని.

వీధి వరండాలో ఆయన ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు. మేం మెట్ల దగ్గర నిలబడ్డాం. ఆ ఇంటికి వీధి వైపు నుంచి నేను రావడం అదే మొదటిసారి.

"ఏమ్మా, కాయ బాగా దిగిందా?"

"దేవుడి దయ బాబుగారూ."

"మీ అమ్మాయి బాగా చదువుతుందంటగా. పుస్తకాలవీ."

అమ్మ నా వంక చూసింది. "కాలేజీకి పోతంది బాబుగారూ. నోట్లో మాట మాత్రం లేదు."

"మాట్లాడనోళ్లే రాస్తారు." ఆయన నవ్వారు. "ఎండన పడి వచ్చారు. పాపా, లోపలికెళ్లి మీ అమ్మకి మంచినీళ్లు తెచ్చివ్వు."

ఆ మాటలో ఏమీ లేదు. ఎండగా ఉంది, అమ్మ నిజంగానే అలిసి ఉంది. నేను లోపలికి వెళ్లాను. హాలు దాటి, వంటింటి తలుపు వెనక్కి తిరిగి, కుండ మీద మూత తీసి, మేకుకు వేలాడే గరిటెతో ముంచి, కింది అరలోంచి గ్లాసు తీసి నీళ్లు పోశాను. వెనక్కి తిరిగేసరికి గ్లాసు చేతిలో ఉంది, బాబుగారు హాల్లో నిలబడి ఉన్నారు. కుండ ఎక్కడుందో నేను ఎవరినీ అడగలేదు.

పెరటి కిటికీ పక్క కుర్చీలో మామ్మగారు కదలకుండా ఉంది. నా అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు. తల తిప్పలేదు.

అమ్మ నీళ్లు తాగేదాకా ఆయన ఆగారు. గ్లాసు కింద పెట్టాక అన్నారు. "ఈ ఏడు మేమే చేసుకుంటామమ్మా."

అమ్మ "సరే బాబుగారూ" అంది. కాసేపు అక్కడే నిలబడింది. ఇంకేదైనా అంటారేమో అని కాబోలు. ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు.

సగం దారి వచ్చాక అమ్మ నోరు విప్పింది.

"నీళ్లకుండ ఎక్కడుంటదో నాకే తెల్వదు. ఇన్నేళ్లూ ఆ గడప దాటలా నేను."

"అమ్మా..."

"చెప్పబాకు. చెబితే నేను అడగాల్సి వస్తది."

ఆ తర్వాత అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం తిన్నావా, తలుపెయ్యి, గోతాలు తీసుకురా. ఆ రోజుల్లో డైరీ ముట్టుకోలేదు. నీళ్లు తెమ్మన్నది దాహానికా, చూడటానికా? ఇదొక్కటే బుర్రలో తిరిగేది. స్నేహితురాలికి కౌలు పోయిందని మాత్రం చెప్పాను. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు నిజమేనా అని కూడా చూశాను, అంతదాకా వచ్చింది నా బుద్ధి. పోస్టులు రాసేది నేనని చెప్పింది ఆమేనా అన్న ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే అమ్మ బండి మాట్లాడుకుని మా కాయలన్నీ కల్లానికి తెచ్చింది. పల్లం అంచున ఆగలేదు. ముగ్గుగీతలు దాటి, దిమ్మె కింద దాకా బండి పోనిచ్చి, విగ్రహం పాదాల చుట్టూ కుమ్మరించింది. ఇక పోగొట్టుకోవడానికి ఆమెకు ఏమీ లేదు.

పెద్దావిడ చూసింది. "ఏమే, ఇవాళ ఇక్కడ ఫంక్షను గదా?"

"ఎండ ఇక్కడే బాగుంది పిన్నీ" అంది అమ్మ.

ఆ మాట చాలు. ఒకరి తర్వాత ఒకరు తట్టలు ఎత్తారు. మా గుంపు కుర్రాళ్లు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని వచ్చేసరికి నిలబడటానికి వాళ్లకే చోటు లేదు. రోడ్డు దగ్గర నుంచి దిమ్మె దాకా ఒక్క పరుపులా మిరపకాయలు. పట్టా చుట్టుకున్న పెద్దాయన మధ్యలో ఉన్నాడు.

ముఖ్య అతిథి కారు వచ్చింది. దిగినాయన దండ చేతబట్టుకుని రోడ్డంచున ఆగిపోయాడు. దిమ్మె దాకా పోవాలంటే మిరపకాయలు తొక్కుకుంటూ వెళ్లాలి. పంటను తొక్కరు మా వైపు. పొరపాటున కాలు తగిలినా కళ్లకద్దుకుంటారు. అంతమంది ఆడవాళ్లు చూస్తుండగా చెప్పుల కాలు ఎవరు పెడతారు?

"కాస్త దారి చెయ్యండమ్మా" అన్నారు బాబుగారు.

"చేస్తామయ్యా, ఆరనియ్యండి" అంది పెద్దావిడ.

"ఎప్పటికి ఆరతయ్యి?"

"ఎండని బట్టి బాబుగారూ. నీళ్లు రాకుండా ఉంటే."

ఎవరో కర్రతో కాయలు తిరగేశారు. ఘాటు లేచింది. ముఖ్య అతిథి తుమ్మడం మొదలుపెట్టాడు, ఆగలేదు. దండ కారులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను స్నేహితురాలి వెనక నిలబడి బాబుగారి ముఖం చూస్తున్నాను. ఆయన ఆడవాళ్లను చూడటం లేదు. మా అమ్మను కూడా కాదు. నన్ను.

కోతలైపోయాక కల్లం ఖాళీ అయింది గానీ మళ్లీ ముహూర్తం పెట్టలేదు. రోడ్డు వెడల్పు చేస్తారట, అందుకని విగ్రహాన్ని ఇంటి ఆవరణలోకి మారుస్తున్నారని గ్రూపులో ఎవరో పెట్టారు. గెలిచామని మావాళ్లు బాణసంచా కాల్చారు. రెండో రోజే, పరుపుల కొట్లో అప్పుడు నవ్వని కుర్రవాడు, ఖాళీ దిమ్మె ఫోటో పెట్టి ‘ఇక్కడ ఎవరుండాలి?’ అని రాశాడు. కింద మూడు పార్టీల జెండాలు పడ్డాయి. స్నేహితురాలు దాన్ని నాకు చూపించి ఫోను బోర్లా పెట్టింది. దిమ్మె ఇంకా అక్కడే ఉంది. అమ్మవాళ్లు దాని మీద మధ్యాహ్నం అన్నం క్యారియర్లు పెట్టుకుంటారు.

నా దగ్గర మామ్మగారి పుస్తకం ఒకటి మిగిలిపోయింది. ఒకరోజు పట్టపగలు దాన్ని చేతిలో కనపడేలా పట్టుకుని వీధి గుమ్మంలోంచే వెళ్లాను. ఇక దాచడానికి ఏముందని. బాబుగారు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లారు. విగ్రహం పెరట్లో ఉంది. పట్టా తీసేశారు. మెరుస్తున్న రంగు, ఎత్తిన చెయ్యి. సరిగ్గా ఆమె కిటికీకి ఎదురుగా.

"వీధిలోంచి వచ్చావే" అంది.

"అవునండి." పుస్తకం పట్టుకునే అడిగాను. ఎవరినీ ఏదీ అడగని దాన్ని, ఎలా వచ్చిందో మాట. "నాకెందుకు చెప్పారండీ ఆ సంగతి?"

"నువ్వు గట్టిగా చదువుతావు గనక."

"మా అమ్మకి పొలం పోయిందండి."

"ఎవరి పొలం ఎవరు తీశారు?" ఆమె గొంతు కూడా పెంచలేదు. "అది మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. నా పేరున ఉంది. మా వాడికి మొన్న చెప్పాను. మీ అమ్మని దుక్కి దున్నుకోమను."

నాకు సంతోషం రావాలి. వచ్చింది కూడా, కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఆ రోజు గ్లాసు పట్టుకుని నేను హాల్లో నిలబడినప్పుడు కూడా పొలం ఈమె పేరునే ఉంది.

"ఆ రోజే చెప్పొచ్చు కదండీ" అన్నాను.

ఆమె మసకబారిన కళ్లతో కిటికీ వైపు చూసింది. ముఖం పోల్చుకోలేకపోయినా ఆ ఎత్తు, ఆ చెయ్యి తెలుస్తూనే ఉండి ఉంటాయి. ఎన్నేళ్లు మోసింది ఆ వరండాలో దింపిన పట్టాల సంగతి? చదివించుకోవడానికే నన్ను పిలిచిందా, ఎప్పటికైనా పనికొస్తానని పెంచిందా? నెల తిరగకుండానే ఆమెను కూతురు ఒంగోలు తీసుకెళ్లింది. మళ్లీ చూడలేదు. అమ్మ ఆ పొలం దున్నుతూనే ఉంది. కాగితం ఇప్పటికీ లేదు.

ఆ రోజు వెళ్దామని కదిలాను. పుస్తకం ఏం చెయ్యమంటారని అడగబోయేంతలో ఆమే అంది.

"బీరువాలో పెట్టెయ్యి. పోయేటప్పుడు ఈ కుర్చీ కాస్త గోడవైపుకి తిప్పి పో, పిల్లా."